పక్క మారిన గడ్డ

డెబ్భై ఆరో సంవత్సరం, రోళ్లు పగిలే ఎండాకాలం. బెజవాడలో ఒక నరాల డాక్టరు గారి నర్సింగ్ హోములో నేను ఆయాని. ఆయా అంటే పక్కలు దులిపి నేల తుడిచే మనిషి అనుకుంటారు. అవీ చేశాను. అవి గాక నాకు ఇంకో ఆయాకి లేని పని ఒకటుండేది. పిల్లల తలలకి పట్టిన నూనె వదలగొట్టడం. మూడో తరగతితో బడి మానేసిన నాకు మెదడు మీద పరిశోధనలో దొరికిన వాటా అది.

ఆ నర్సింగ్ హోములో ఒక గదిలో ఈఈజీ మిషను ఉండేది. మెదడులో పుట్టే సన్నటి కరెంటుని కాగితం మీద గీతలుగా చూపిస్తుంది. అది లోపలికి కరెంటు పంపదు, లోపల ఉన్నదాన్ని వింటుంది, అంతే. ఈ ముక్క ప్రతి తల్లికీ విడమరిచి చెప్పేదాన్ని. చెప్పకపోతే తలకి తీగలు కనపడగానే షాకు పెడతారని పిల్లని చంకనేసుకుని లేచిపోయేవాళ్లు.

మిషను దగ్గర కూర్చునేది సుధాకరం బాబు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ అన్నం తినడం మర్చిపోయినట్టు ఉండేవాడు. మూర్ఛలూ నరాల జబ్బులూ ఉన్న పిల్లల గీతలు ఎలా ఉంటాయో, మామూలు పిల్లల గీతలకీ వాటికీ తేడా ఏమిటో చూసి డాక్టరేటు చేస్తున్నాడు. ఆ డాక్టరు మందులిచ్చే డాక్టరు కాదని అందరికీ చెప్పుకునేవాడు, ఎవరూ నమ్మేవాళ్లు కాదు. వరండాలో ఆపి దగ్గుకీ నడుం నొప్పికీ మందడిగేవాళ్లు. పగలంతా గీతలు తీసి, సాయంత్రం స్కేలూ డివైడరూ పట్టుకుని ఒక్కో గీత పొడుగూ ఎత్తూ కొలుచుకునేవాడు. కాగితం చుట్ట బొంబాయి నించి రావాలి. గజం కాగితం వృథా అయితే ఆయన మొహం చూడలేకపోయేవాళ్లం. నాకు ఆయన మీద గౌరవం కలిగింది అక్కడే. పనికిరాదని పారేసిన కాగితం నేను ఇంటికి పట్టుకెళ్లి అలమర్లో పరిచాను. చాలా ఏళ్లు నా పప్పు డబ్బాలు ఎవరెవరి మెదళ్ల మీదో నిలబడ్డాయి.

నూనె సంగతికొస్తాను. ఎలక్ట్రోడు అంటే చొక్కా బొత్తామంత వెండి బిళ్ళ, దానికో సన్నటి తీగ. పేస్టు అద్ది పిల్ల నెత్తిమీద అక్కడక్కడా అంటిస్తాం. తలకి నూనె ఉంటే అది నిలవదు, జారిపోతుంది. తలకి నూనె పెట్టకుండా తీసుకురమ్మని ముందే చెప్పేవాళ్లం. ఎవరూ వినేవాళ్లు కాదు. వాళ్ల బాధ వాళ్లది. నూనె లేని తలతో పిల్లని బస్సెక్కిస్తే చూసినవాళ్లు తల్లి లేని పిల్ల అనుకుంటారు. అసలే పట్నం, అసలే పెద్ద డాక్టరు గారు, అందుకని ఇంకో గరిటెడు ఎక్కువ మర్దించి, బిగించి జడేసి, పూలు పెట్టి తెచ్చేవాళ్లు. కంకిపాడు నించి వచ్చిన ఒకావిడని, నూనె వద్దన్నాం కదమ్మా అని గట్టిగా అడిగాను. "నూనె ఎక్కడ పెట్టానండీ, ఆముదం పెట్టాను" అంది.

నేను కుంకుడుకాయలు నానబెట్టుకుని పంపు దగ్గర కూర్చునేదాన్ని. ఒక తలకి వాడిన పిప్పి పారేసేదాన్ని కాదు, రెండో తలకి అదే మళ్లీ పిసికేదాన్ని. సబ్బు వాడమని డాక్టరు గారే చెప్పినా వినలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. పిల్ల పళ్లు కొరికినా, రెప్పలాడించినా, మాట్లాడినా మెదడు గీతల్లో దొంగ గీతలు కలుస్తాయి. వాటిని ఆర్టిఫాక్ట్ అంటారు. సీలింగ్ ఫ్యాను వేసినా దాని కరెంటు గీతల్లో దూరుతుంది. అందుకని ఆ గదిలో ఫ్యాను వెయ్యకూడదు, తలుపు తియ్యకూడదు, పిల్ల నోరు విప్పకూడదు. ఆ గదిలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు అన్న మాట "నోరు మూసుకో". గీతలు గీసే మిషను పెన్నుల బరబరకి పిల్లలు బెదురుతున్నారని మంచానికీ మిషనుకీ మధ్య చెక్కలతో అడ్డు కట్టించి, దానికో తలుపు, పలకంత అద్దం పెట్టించారు. అందులోంచి సుధాకరం బాబుకి పిల్ల మొహం కనపడేది, అంతే. మిషను వచ్చింది చలికాలంలో. బెజవాడ ఎండ దానికి అదే మొదలు.

అలాంటి ఒక పొద్దున నాంచారమ్మ వచ్చింది. కొల్లేటి ఒడ్డున వాళ్ల ఊరు, చేపల వ్యాపారం. హనుమాన్ జంక్షన్లో బస్సు మారి, మనవరాలి రెక్క పట్టుకుని దిగింది. యాభై దాటిన మనిషి, నల్లగా నిటారుగా ఉంది. చేతిలో తాటాకు విసనకర్ర. మనం ఇళ్లల్లో వాడేలాంటిది కాదు. ఎండబెట్టిన చేపల మీద ఈగల్ని తోలే రకం, చేటంత ఉంది, పిడి వెదురుది. మనవరాలి పేరు వరాలు. ఎనిమిదేళ్లుంటాయి. సన్నటి మొహం, పెద్ద కళ్లు, తలనిండా నూనె.

జబ్బేమిటని డాక్టరు గారు అడిగితే నాంచారమ్మ నిలబడే చెప్పింది. పిల్లకి తిండి బాగానే ఉంది, ఆట బాగానే ఉంది. ఉన్నట్టుండి గుడ్లప్పగించి నిలబడిపోతుంది. పిలిస్తే పలకదు. కాసేపటికి ఏమీ ఎరగనట్టు చేసే పని చేసుకుంటుంది. ఎండుచేపల దగ్గర కాపలా పెడితే కుక్క వచ్చి ఇంత చేప నోట కరుచుకుని ఈ పిల్ల కాళ్ల పక్కనించే పోయింది. అదిలించలేదు, దారిచ్చినట్టు నిలబడింది. బళ్లో ఎక్కం చెబుతూ చెబుతూ మధ్యలో ఆపి పంతులు గారి మొహంలోకి చూస్తుంది. నన్ను వెక్కిరిస్తోంది, ఈ పొగరు అణిగాక పంపండి, అప్పటిదాకా బడికి రానక్కర్లేదు అన్నాడట ఆయన. తండ్రి పడవ మీద ఉంటాడు, తల్లి చంటిపిల్లతో ఉంది. ఈ పిల్లని దారిలో పెట్టే భారం నాయనమ్మ మీద పడింది.

"రోగమైతే మందివ్వండి బాబూ. పొగరైతే ఆ మాట చెప్పండి, దాని మందు నా దగ్గరుంది" అని విసనకర్ర తిరగేసి పిడి చూపించింది. పిల్ల తల పక్కకి తిప్పుకుంది. ఆ మందు ఇదివరకు చాలాసార్లు పడిందని నాకు అర్థమైంది.

డాక్టరు గారు మా వైపు తిరిగి, పెటీ మాల్ కావచ్చు, తీసి చూడండి అన్నారు. పెటీ మాల్ అంటే చిన్న మూర్ఛ. పడిపోవడం, కొట్టుకోవడం ఉండదు, మనిషి కాసేపు ఆగిపోతుంది. పైకి చూస్తే పరధ్యానంలాగే ఉంటుంది. అదో కాదో గీతలు చెప్పాలి.

పంపు దగ్గర నాకూ నాంచారమ్మకీ యుద్ధమైంది. పొద్దున్నే ఇంట్లో కాచిన కొబ్బరినూనె అట, నేను కడుగుతుంటే కళ్లారా చూడలేకపోయింది. "నీ చేతులకి ఆ నూనె విలువ తెలుసా అమ్మాయ్" అంది. "నా కుంకుడుకాయల విలువ మీకు తెలుసా" అన్నాను. ఇద్దరం పొదుపు మనుషులమే, అందుకని మాటలు అక్కడికి ఆగాయి. తల ఆరబెట్టి, మంచం మీద పడుకోబెట్టి, బిళ్ళలు అంటించి, తీగల జడ అంతా తలగడ మీదుగా వేశాం. నాంచారమ్మ తలుపు దగ్గర, మంచం పక్కనే స్టూలు మీద కూర్చుంది. కళ్లు మూసుకో, నోరు మూసుకో అని పిల్లకి చెప్పి, తలుపు వేసి నేను ఇంకో తల కడగడానికి పోయాను.

కాసేపటికి సుధాకరం బాబు బయటికొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. నన్ను పక్కకి పిలిచి, పిల్ల తల కదిలిందా, ఎవరైనా తాకారా, మంచం ఊపారా అని అడిగాడు. నేను పోయి నాంచారమ్మని అడిగాను.

"వేలు కూడా కదపలేదు. బొమ్మలా కూర్చున్నాను" అంది.

పిల్ల ఏదో చెప్పబోయింది. ఇంకా తీగలు తీయలేదు, నోరు మూసుకో అన్నాను. మూసుకుంది.

సుధాకరం బాబు కాగితం పట్టుకెళ్లి డాక్టరు గారి ముందు పరిచాడు. కుడివైపు గీతల్లో పెద్ద పెద్ద అలలు, నెమ్మదిగా, ఏటి అలల్లాగా లేచి పడుతున్నాయి. ఎడంవైపు మామూలు గీతలే. అలాంటి నెమ్మది అలలు ఒకే పక్క వస్తే అక్కడ గడ్డ ఉందేమో అని అనుమానించాలట. గడ్డ ఉన్న పిల్లని అలసట పెట్టకూడదని, అసలు చేయించాల్సిన ఊపిరి పరీక్ష ఆపేశారు. రేపు ఇంకోసారి తీసి చూద్దాం, అలాగే వస్తే మద్రాసు పంపాలి, పుర్రెకి బెజ్జం చేసి చూస్తారు అన్నారు డాక్టరు గారు. ఆయన నాంచారమ్మకి మెల్లగానే చెప్పారు. పిల్లని వరండాలో కూర్చోబెట్టి విసురుతూ కూర్చుంది.

మర్నాడు పొద్దున నేను ఆ గది కడిగాను. కడిగినప్పుడు మంచం లాగాలి, లాగిన మంచం మళ్లీ అదే వైపు పెట్టాలని రూలేమీ లేదు. ఆ రోజు తలవైపు కాళ్లవైపుగా తిరిగింది. స్టూలు ఉన్నచోటే ఉంది. పిల్ల తల మళ్లీ కడిగాను. నాంచారమ్మ వరండాలో నిన్న మిగిలిన నూనె రాసేసింది మరి. తీగలు అంటించాం, తలుపు వేశాం.

ఈసారి సుధాకరం బాబు బయటికి రాలేదు. చాలాసేపటికి నన్నే లోపలికి పిలిచాడు. కాగితం మీద వేలు పెట్టి, "ఆయమ్మగారూ, గడ్డ పక్క మారింది" అన్నాడు.

నిన్న కుడివైపున్న అలలు ఇవాళ ఎడంవైపున్నాయి. అచ్చంగా అవే అలలు. డాక్టరు గారు వచ్చి చూసి, "గడ్డకి కాళ్లుండవయ్యా. నువ్వే తీగలు మార్చి పెట్టావు" అన్నారు. పెట్టలేదని సుధాకరం బాబు దేవుడి పటం మీద చెయ్యి వేశాడు. అయితే మిషను చెడిపోయి ఉండాలి అన్నారు. మద్రాసు మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. రెండు పక్కలా గడ్డలుంటే ఇంకా కష్టం అన్నారు.

మిషను బాగుచేసేవాడు బెజవాడలో ఎక్కడ దొరుకుతాడు? ఆటోనగర్ నించి లారీల డైనమోలు చుట్టే మేస్త్రీని పట్టుకొచ్చాడు సుధాకరం బాబు. అతను మిషను చుట్టూ తిరిగి, ఇది ఎన్ని ఓల్టుల బ్యాటరీ అని అడిగి, వెనక రేకు విప్పి, ఎర్తు తీగ బిగించాడు. ఇప్పుడు ఎవరి తలకైనా పెట్టి చూడాలి. సుధాకరం బాబే మంచం మీద పడుకున్నాడు, బిళ్ళలు నేను అంటించాను. మేస్త్రీ అవతల కూర్చుని పెన్నులు చూశాడు. సన్నటి గీతలు తప్ప అలలు లేవు.

"బాబు గారి తల్లో ఏమీ లేదండి" అన్నాడు.

నవ్వకూడదని పెదవి కొరుక్కున్నాను. కానీ సుధాకరం బాబు మొహం చూస్తే నవ్వు దానంతటదే పోయింది. మిషను బాగానే ఉందంటే జబ్బు పిల్లదే. గీతల్ని బట్టే గడ్డని పట్టుకున్నానంటే ఆయన పరిశోధనకి గొప్పే. కానీ ఆయన ఆ మధ్యాహ్నం కూడా అన్నం తినలేదు.

నాంచారమ్మ పంపు దగ్గరికొచ్చి నా పక్కన కూర్చుంది. అడక్కుండానే కుంకుడుకాయలు కొట్టడం మొదలుపెట్టింది. గింజలు ఒక పక్కకీ తొక్కలు ఒక పక్కకీ శుభ్రంగా చేసింది. తల పైకెత్తకుండా అంది.

"అమ్మాయ్, ఆ సన్నటాయనకి నువ్వు చెప్పు. పొగరే అని రాసెయ్యమను. పొగరుబోతుని నేను సాక్కుంటాను."

నిన్న పిడి చూపించిన మనిషి. గీతలు మనం రాసేవి కావండీ అన్నాను. మద్రాసులో ఆ పిల్లకి బెజ్జం ఎక్కడ చేస్తారని అడిగింది. తెలియదన్నాను. ఇంకో గుప్పెడు కాయలు కొట్టింది. నాకు అవసరమైనవాటికంటే ఎక్కువే కొట్టింది, ఆ రోజు నేను వృథా అనలేదు.

సాయంత్రం డాక్టరు గారు మద్రాసుకి ఉత్తరం రాయడానికి కూర్చున్నారు. ఒక్కరోజు ఆగమని బతిమాలి ఆపింది సుధాకరం బాబే. రేపు ఇంకొక్కసారి తీస్తాను, ఈసారి ఆయమ్మగారు లోపలే కూర్చుని కళ్లు ఆర్పకుండా చూస్తారు, ఏమి కదిలినా చెబుతారు అన్నాడు. డాక్టరు గారు సరేనన్నారు.

మూడో రోజు. నేను మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. నాంచారమ్మ స్టూలు మీద. తలుపు మూశాం. గది కొలిమిలా ఉంది. వరాలు కళ్లు మూసుకుని పడుకుంది, తలనిండా తీగలు. అవతల పెన్నులు మొదలయ్యాయి. కాసేపటికి చెక్క వెనక నించి సుధాకరం బాబు గొంతు.

"మళ్లీ వస్తున్నాయి. ఎవరు కదుపుతున్నారు?"

"ఎవరూ కదపడం లేదు బాబూ" అన్నాను.

"మంచం?"

"లేదు."

"పిల్ల తల?"

"రాయిలా ఉంది."

"ముసలావిడ?"

నేను నాంచారమ్మ వైపు చూశాను. స్టూలు మీద నిటారుగా కూర్చుని మనవరాలికి విసురుతోంది. "బొమ్మలా కూర్చుని ఉందండీ" అన్నాను.

నా మాటలో అబద్ధం లేదు. మీరే చెప్పండి. వేసంగిలో పిల్ల పక్కన కూర్చున్న ఆడదాని చేతిలో విసనకర్ర ఆడుతుంటే దాన్ని కదలడం అంటామా? ఊపిరి తీస్తున్నావా అని ఎవర్నైనా అడుగుతామా? నా అత్తగారు నిద్రలో కూడా విసిరేది. నేను పిల్లలకి పాలిస్తూ, పక్కింటావిడతో పోట్లాడుతూ విసిరాను. అది మా దగ్గర పని కింద లెక్క కాదు. అందుకే నాంచారమ్మ వేలు కదపలేదని చెప్పినప్పుడు అబద్ధమాడలేదు, నేను కళ్లారా చూస్తూ అదే చెప్పినప్పుడూ ఆడలేదు.

అప్పుడు వరాలు కళ్లు మూసుకునే నోరు విప్పింది.

"గాలి తగిలినప్పుడల్లా ఆ పెన్నులు బరుకుతున్నాయి."

నోరు మూసుకో అనబోయి ఆగాను. నాలుక చివరిదాకా వచ్చిన మాట అది. పెన్నుల చప్పుడు విన్నాను. బర్ర్ మని ఒకసారి, కొంచెం ఆగి బర్ర్ మని ఇంకోసారి. నాంచారమ్మ చెయ్యి చూశాను. విసనకర్ర కిందికొచ్చినప్పుడల్లా మంచం మీది తీగల జడ గడ్డిపోచల్లా ఇటు ఒరుగుతోంది, అటు ఒరుగుతోంది. ఆవిడ ఏ పక్క కూర్చుంటే ఆ పక్క తీగలు ఊగుతాయి, ఆ పక్కే అలలు వస్తాయి.

"ఒక్కసారి విసరడం ఆపండి" అన్నాను.

"పిల్లకి చెమట పడుతోంది."

"పడనివ్వండి. ఆపండి."

ఆపింది. బరబర ఆగిపోయింది. చెక్క వెనక కుర్చీ కింద పడిన చప్పుడైంది. సుధాకరం బాబు తలుపు తోసుకుని వచ్చి విసనకర్ర వంక చూశాడు. జీవితంలో అంతకుముందు విసనకర్రని చూడనివాడిలా చూశాడు. మళ్లీ విసరమన్నాడు. పరిగెత్తుకుని అవతలికి పోయి చూశాడు, వచ్చాయి. మెల్లగా విసరమన్నాడు, అలలు మెల్లగా వచ్చాయి. గట్టిగా విసరమన్నాడు, ఎగిసిపడ్డాయి. అటు పక్కకి వెళ్లి కూర్చోమన్నాడు, గడ్డ అటు పోయింది. గజాలకి గజాలు కాగితం పోతోంది, ఆయనకి పట్టలేదు. నాకు పట్టింది గానీ ఊరుకున్నాను. డాక్టరు గారు చప్పుడు విని వచ్చి, సంగతి విని, కళ్లజోడు తీసి తుడుచుకుని, గోడకి ఆనుకుని నవ్వారు.

మొదటి రోజే ఎందుకు చెప్పలేదే అని వరాలుని అడిగాను. "చెప్పబోయాను. నోరు మూసుకోమన్నావు" అంది. మా అందరికంటే ధ్యాసగా విన్నది, పొగరని బడి మాన్పించిన ఈ పిల్లే.

నాంచారమ్మకి మాత్రం కోపం వచ్చింది. "పిల్లకి గాలి విసరడం కూడా తప్పేనా మీ ఊళ్లో" అంది. తప్పు కాదమ్మా, గడ్డ లేదు, మద్రాసు వెళ్లక్కర్లేదు అని డాక్టరు గారు చెప్పేసరికి కూర్చుండిపోయింది. కాసేపు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తీసి, మళ్లీ పాత నాంచారమ్మ అయింది.

"గడ్డ లేకపోతే ఇంక పొగరే కదా?"

ఉండమని, మానేసిన ఊపిరి పరీక్ష అప్పుడు పెట్టాడు సుధాకరం బాబు. పిల్ల చేత గట్టిగా, లోతుగా, ఆగకుండా ఊపిరి ఊదించాలి. ఎలా ఊదాలో ఆయన ఇంగ్లీషు కలిపి చెబితే పిల్లకి తెలియలేదు. నాంచారమ్మ అందుకుంది. "తడికట్టెల పొయ్యి ఊదినట్టు ఊదవే" అంది. వరాలు కళ్లు తెరిచి ఊదడం మొదలుపెట్టింది. విసనకర్ర ఆవిడ ఒళ్లో ఉంది. మధ్య తలుపు తెరిచే ఉంచారు, మిషను మా అందరికీ కనపడుతోంది. పెన్నులు బుద్ధిగా సన్నగా గీసుకుంటూ పోతున్నాయి.

ఊదుతూ ఊదుతూ వరాలు ఆగిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. రెప్పలు కొంచెం అదురుతున్నాయి. అదే క్షణాన ఎనిమిది పెన్నులూ ఒక్కసారి లేచాయి. దువ్వెన పళ్లలాగా, అన్నీ ఒకే తాళంలో, పైకీ కిందికీ. ఎవరూ విసరడం లేదు.

"వరాలూ" అంది నాంచారమ్మ. ఉలుకూ పలుకూ లేదు.

"ఏమే వరాలూ." ఈసారి గట్టిగా. పిల్ల ఆవిడ మొహంలోకే చూస్తోంది. అలవాటు కొద్దీ ఆవిడ చెయ్యి విసనకర్ర మీదికి పోయి పిడి పట్టుకుంది. పట్టుకునే పెన్నుల వైపు చూసింది. అవి ఎగురుతున్నాయి. పిల్ల వైపు చూసింది, మళ్లీ పెన్నుల వైపు చూసింది. అంతలో పెన్నులన్నీ ఒక్కసారి సద్దుమణిగాయి. వరాలు రెప్పలు కొట్టి, ఆగిన చోటునించి మళ్లీ ఊదడం మొదలుపెట్టింది.

"పిలిస్తే పలకవేం?" అని అడిగింది నాంచారమ్మ.

"ఎప్పుడు పిలిచావు? ఊదుతున్నాగా."

సుధాకరం బాబు వచ్చి మంచం పక్కన గొంతుకూర్చున్నాడు. ఇది పొగరు కాదమ్మా అన్నాడు. ఆ కాసేపూ మెదడంతా ఒకే తాళం వేసుకుంటూ ఉంటుంది, బయటి మాట లోపలికి పోదు, కుక్క వచ్చినా పంతులు గారు అరిచినా పిల్లకి తెలియదు, మాత్రలున్నాయి, తగ్గుతుంది అన్నాడు. నాంచారమ్మ అంతా విని ఒక్కటే అడిగింది.

"నేను పిలిచినప్పుడు దానికి వినపడలేదా? ఒక్కసారి కూడా?"

"అలా ఉన్నప్పుడు వినపడదమ్మా."

ఆవిడ విసనకర్ర నేల మీద పెట్టింది. లేచి, పిల్ల నడినెత్తి మీద చెయ్యి పెట్టి, పిడి తగిలే చోటు కాబోలు, బొటనవేలితో చాలాసేపు రాసింది. చేతికి పేస్టు అంటుకుంది. చెయ్యి చూసుకుని నా వైపు తిరిగి, "ఈ జిగురంతా ఎవరు కడుగుతారు?" అంది. నేనే కడుగుతానన్నాను. ముక్కు చీదుకుని, నువ్వు కడిగితే సగం నూనె నెత్తిమీదే ఉంటోంది, నేను కడుగుతాను తప్పుకో అంది. ఆ రోజు మనవరాలి తల ఆవిడే కడిగింది. నా కుంకుడుకాయలన్నీ ఖర్చుపెట్టింది.

డాక్టరు గారు బడి పంతులు గారికి ఒక చీటీ రాసిచ్చారు. పిల్ల మాత్రలు వేసుకుంది, బడికి పోయింది. వానలు పడ్డాక మళ్లీ వచ్చి చూపించారు, ఆగిపోవడం బాగా తగ్గిందన్నారు. నాంచారమ్మ నాకు కుండలో నీళ్లు పోసి బతికున్న కొర్రమీను తెచ్చింది. పంపు దగ్గర పెడితే అది కుండలోంచి దూకి వరండా అంతా తిరిగింది. పరీక్షకొచ్చిన పిల్లలందరూ ఆ రోజు నవ్వుతూ రెప్పలాడించి గీతలు పాడుచేశారు.

ఆ గది తలుపు మీద 'విసనకర్రలు బయట పెట్టవలెను' అని బోర్డు పెట్టారు. చాలామంది బయట పెట్టి, వెళ్లేటప్పుడు తీసుకెళ్లడం మర్చిపోయేవాళ్లు. తర్వాత నేను విసనకర్ర కొనలేదు. సుధాకరం బాబు డాక్టరేటు పూర్తయింది. అందులో నాంచారమ్మ అలల గురించి కూడా ఒక పేజీ పెట్టాడు. పరీక్ష చేయడానికొచ్చిన పెద్దలు మిగతాదంతా వదిలేసి ఆ పేజీ గురించే అడిగారట. విసిరి చూపించమన్నారట కూడా.

నేనా ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. మనవలున్నారు. పిలిస్తే పలకరు, చెబితే వినరు, వాళ్లలో నాకు రోజుకో లోపం కనపడుతుంది. అది వాళ్లలోనే ఉందా అని తేల్చేముందు నా చెయ్యి ఏం చేస్తోందో ఒకసారి చూసుకుంటాను. ఆ గదిలో నేను నేర్చుకున్నది అదొక్కటే. చాలాసార్లు, చూసుకునేసరికి, విసురుతూనే ఉంటుంది.